కోస్తా పరుపు

సిద్దికాకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటే. ఊరు పెట్టిన పేర్లు మాత్రం చాలా ఉన్నాయి. పొన్నూరు నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో, నాలుగు మాటలు మాట్లాడితే ముక్కుమీదికి కోపం వచ్చేదని ‘మిరపకాయ’ అన్నారు. మొగుడు హయాత్ పోయాక దుకాణం తనే తెరిచి కూర్చుంటే ‘మగరాయుడు’ అన్నారు. ఆ రెంటినీ ఆమె లెక్కచేయలేదు. రెండోదానికైతే లోలోపల కాస్త గర్వపడింది కూడా. కానీ యాభైకి దగ్గరపడ్డాక అంటుకున్న మూడో పేరు వింటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఆ పేరు ‘కోస్తా’.

ఆ పేరు వెనక ఒక గోనె బోరెం నిండా దూది ఉంది.

పర్చూరుకు ఇవతల ఆ ఊరి బస్టాపు పక్కనే నూర్‌బాషాల రేకుల షెడ్డు ఉంది. హయాత్ తాత అందులో విల్లు మీటుతూ దూది ఏకేవాడు. హయాత్ తండ్రి విల్లు మూల పెట్టి ఏకే మిషను కొన్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఏకడం, ఆడవాళ్ళు కుట్టడం ఆనవాయితీ. సిద్దికా కూడా చాలా ఏళ్ళు దబ్బనం పట్టుకుని ఓ మూల కూర్చుని కుట్టింది. హయాత్‌కు ఆయాసం మొదలై దూది దుమ్ము పడకుండా పోయిన రోజున, ఎవరినీ అడక్కుండా లేచి వెళ్ళి మిషను ముందు నిలబడింది. హయాత్ వద్దనలేదు. బయట అరుగు మీద కూర్చుని, మిషను చప్పుడు వింటూ, “దూది ఎక్కువ పెడుతున్నావు, తగ్గించు” అని కేకేసేవాడు. అతను పోయాక కూడా ఆ కేక వినపడినట్టే ఆమె చెయ్యి తగ్గించి పెట్టేది.

మొన్న మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, అటక మీంచి దూది బోరెం దించబోతే నిచ్చెన జారింది. బోరెం మీద పడి ఉంటే దులుపుకుని లేచేది. బోరెం అటు పడింది, ఆమె ఇటు మిషను బల్ల అంచు మీద పడింది. ఎడమవైపు పక్కటెముకలు చిట్లాయి. ఎరువుల కొట్లో బస్తాలు మోస్తున్న మరిది సలీం పరుగున వచ్చి, కారు మాట్లాడి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఆశ్రిత అని ఒక చిన్న డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, పక్కనున్న పెద్ద డాక్టరుగారికి ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. ఆ ఇంగ్లీషులో సిద్దికాకు ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినపడింది. కోస్టల్. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

సిద్దికా ఉండబట్టలేకపోయింది.

“ఆగండమ్మా. కోస్టల్ అంటారేంటి? నేను సముద్రం మొహమే చూళ్ళా. చీరాల దాకా పోయాగానీ ఓడరేవు వైపు తల తిప్పి కూడా చూళ్ళా. నేను పడింది మా షెడ్డులో. సరిగ్గా రాయండి. కోస్తా వాళ్ళ కాయితం నాకిచ్చి, నా కాయితం కోస్తా వాళ్ళకిస్తే ఎవరి మందు ఎవరు మింగాలి?”

వార్డు మొత్తం గొల్లున నవ్వింది. పెద్ద డాక్టరుగారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది, కానీ నవ్వి ఊరుకోకుండా మంచం అంచున కూర్చుంది.

“సముద్రం సంగతి కాదండీ. పక్కటెముకల్ని మేం అలా అంటాం. మీ కాయితం మీదేలెండి.”

ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పింది. బరువులు ఎత్తకూడదు. నొప్పి ఉందని ఊపిరి బిగబట్టకూడదు, గట్టిగా పీల్చి వదలాలి. దగ్గు వచ్చినా నవ్వు వచ్చినా దిండు ఒకటి పక్కకు హత్తుకోవాలి. సిద్దికా ఆసుపత్రి దిండును అందుకుని, రెండు వేళ్ళతో నొక్కి చూసి, “ఇదా దిండు? ఇందులో ఉన్నవి స్పాంజి ముక్కలు. మా ఇంటినుంచి తెప్పించుకుంటా” అంది.

ఇదంతా అక్కడితో పోయేదే. కానీ పక్క మంచంలో మొగుడు నతానియేలుకు తోడుగా కూర్చున్న మనిషి స్తుతి. స్తుతిది అదే ఊరు, మిరపకాయ కోతలకు ఆడకూలీలను తీసుకెళ్ళే మేస్త్రి. పొలంలో ఆ గట్టున నిలబడి మాట్లాడితే ఈ గట్టుకు వినపడే గొంతు ఆమెది. సిద్దికా ఇల్లు చేరేసరికి, ఆమె కంటే ముందు ఆ కథ చేరిపోయింది.

ఇక చూడాలి ఊరి సంబరం. టీవీలో కోస్తాంధ్రకు వాన సూచన అని చెబితే చాలు, కల్లాల మీద పట్టాలు కప్పుకుంటూనే, “ఏం సిద్దికా, నీ పక్క ఎట్టా ఉంది? వానొచ్చేట్టుందా?” అని అడిగేవాళ్ళు. ఆమె దగ్గితే కోస్తాలో ఈదురుగాలులు అనేవాళ్ళు. కోతలకు వెళ్ళే ఆటోలోంచి స్తుతి రోజూ పొద్దున్నే, “కోస్తా! తీరం దాటావా?” అని కేకేసేది. అందులో ప్రేమ కూడా ఉందనుకోండి. కానీ ప్రేమగా అన్నా వెటకారంగా అన్నా చివరికి తేలేది ఒకటే. కోస్తా పని అయిపోయింది, ఇక పరుపులు కుట్టలేదు అని ఊరు తీర్మానించేసింది. ఏకడానికి వచ్చే పాత పరుపులు రావడం మానేశాయి. ఆమెకు అసలు నొప్పి అక్కడ పుట్టింది.

ఒక సాయంత్రం సలీం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చి, చెప్పలేక చెప్పులు విప్పడానికే చాలాసేపు తీసుకున్నాడు.

“వదినా, ఒంగోలు నుంచి జయరావు గారని ఒకాయన అడుగుతున్నారు. ఫోము పరుపుల షోరూము పెడతారంట. మన షెడ్డు రోడ్డు మీద ఉంది కదా. శుక్రవారం చూసుకోడానికొస్తానన్నారు.”

“మిషను?”

“మిషనెందుకింక?”

షెడ్డులో సగం సలీముది. కాదనడానికి లేదు. అతను చెడ్డవాడైతే సిద్దికా గట్టిగా అరిచి గెలిచేది, ఆ విద్య ఆమెకు బాగా వచ్చు. కానీ సలీం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“అన్న పోయిన రోజు నీకు ఏ లోటూ రానివ్వనని మాటిచ్చా. నువ్వు ఇంకోసారి అటక మీంచి పడితే ఆ మాట ఏమవుద్ది? నేనెవరికి చెప్పుకోవాలి?”

“అటక ఎక్కను. దూది కిందే పెట్టుకుంటా.”

“నీ వల్ల కాదు వదినా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సిద్దికా దిండును పక్కకు అదుముకుని లేచి నిలబడింది.

“శుక్రవారానికల్లా ఒక పరుపు ఏకి, కుట్టి, మనిషికి ఇస్తా. నేనొక్కదాన్నే. ఇంకెవరి చెయ్యీ పడదు. ఇవ్వలేకపోతే తాళం తెచ్చి నీ చేతిలో పెడతా. ఇస్తే మాత్రం షెడ్డు మాట మళ్ళీ ఎత్తకూడదు.”

సలీం సరేనన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నవాడు తల ఊపి వెళ్ళిపోయాడు. సిద్దికా మర్నాడు పొద్దున్నే షెడ్డు తెరిచి, ఊడ్చి, పరుపు తెచ్చే మనిషి కోసం ఎదురుచూసింది. మాట ఇవ్వడం సులువే, పరుపు ఎవరిస్తారు?

ఇచ్చినవాడు రామమూర్తి మాస్టారు. హైస్కూల్లో ఊరందరికీ ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడు. ఆయనకు రెండే పట్టింపులు. ఇంగ్లీషు మాటను తప్పు పలికితే ఊరుకోడు, దూది పరుపు కాకపోతే పడుకోడు. ఆయన పరుపులో దూది ఉండలు కట్టి నడుము పట్టేస్తోందట. రిక్షా బండి మీద వేయించుకుని వచ్చి, దిగుతూనే, “ఏమే కోస్తా, దుకాణం తెరిచావా?” అన్నాడు.

“మీరు కూడానా మాస్టారూ?” సిద్దికా గట్టిగానే అంది. “అంటే అన్నారు, అదేంటో మీరే చెప్పండి. అది నా ఎముకా, సముద్రమా? రెంటికీ ఒకటే పలుకు ఎట్టా వచ్చింది?”

“ఒకటి కాదే. స్పెల్లింగు వేరు. సముద్రం మాటలో ‘ఓ’ పక్కన ‘ఏ’ అనే అక్షరం ఉంటుంది, ఎముక మాటలో అక్కడ ఉండదు.”

“ఆ ఒక్కటి తీసేస్తే?”

“తీసేస్తే…” అని మాస్టారు గాల్లోనే వేలితో స్పెల్లింగు రాసి చూసుకున్నాడు. పిల్లలకు అన్నేళ్ళు పాఠం చెప్పినా, ఆ అక్షరాన్ని తీసి చూడాలని ఆయనకెప్పుడూ తోచలేదు. “చూసి చెబుతా” అని పరుపు దింపించి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ దారిలో ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు.

సిద్దికా పనిలోకి దిగింది. మునుపు చేసినట్టు చేస్తే కుదరదని ఆమెకు మొదటి పిడికెడు దూదితోనే తెలిసింది. చెయ్యి భుజం దాటి లేస్తే పక్కలో కత్తి దిగినట్టుంది. అందుకని నిలబడే పని మొత్తం కూర్చుని చేసే పనిగా మార్చుకుంది. పాత పరుపు గుడ్డ కుట్లు విప్పి, గట్టిపడిన దూదిని కొంచెం కొంచెంగా వేళ్ళతో విడదీసింది. పీట మీద కూర్చుని మిషనుకు పిడికెడు పిడికెడుగా అందించింది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. అయినా దగ్గు వచ్చేది. వస్తే మిషను ఆపి, దిండు హత్తుకుని, కళ్ళు మూసుకుని దగ్గి, మళ్ళీ మొదలుపెట్టేది. డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి గట్టిగా పీల్చి వదిలేది. పీల్చిన ప్రతిసారీ నొప్పి, వదిలిన ప్రతిసారీ కోపం. సాయంత్రానికి షెడ్డు మూల తెల్లటి దూది కుప్ప లేచింది. దాన్ని చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషానికే. “తగ్గించే పెట్టా, చూశావా?” అంది హయాత్ కూర్చునే అరుగు వైపు తిరిగి.

గుడ్డలో దూది నింపుతున్న పూట మాస్టారు వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి ఉన్నాయి. అరుగు ఎక్కకుండానే మొదలుపెట్టాడు.

“సిద్దికా, లాటిన్ అని ఒక పాత భాష ఉందే. అందులో పక్కటెముకను ఏమంటారో తెలుసా? కోస్తా.”

“ఎవరు చెప్పారు మీకు, స్తుతేనా?”

“స్తుతి కాదే తల్లీ, నిఘంటువు! అచ్చంగా కోస్తా అనే అంటారు. ముందు ఎముక. ఆ తర్వాత ఆ ఎముక ఉన్న వైపు. ఆ తర్వాత దేనికైనా సరే ఓ వైపు. చివరికి నేలకు సముద్రం ఉన్న వైపు. ఇంగ్లీషు వాళ్ళు సముద్రపొడ్డును కోస్ట్ అనడం ఇందులోంచే. డాక్టర్లు మళ్ళీ మొదటికి పోయి ఎముకకు ఆ మాటే వాడుకున్నారు. పోర్చుగీసు వాళ్ళు ఓడలేసుకుని మన ఒడ్డు వెంట తిరుగుతూ దీన్నీ కోస్తా అన్నారు. మనవాళ్ళు కోస్తా జిల్లాలనడం వాళ్ళ నోటినుంచి విన్నదే అయివుంటుందంటారు. ఆసుపత్రిలో నువ్వన్నది తెలియక అన్నావు, అది నిజం. కానీ తప్పు మాత్రం అనలేదే!”

సిద్దికా చేతిలోని దూది చేతిలోనే ఉండిపోయింది. తనను వెక్కిరించిన ఊరు మొత్తం ఆమె కళ్ళముందు వరుసగా నిలబడింది. ఆటోలో స్తుతి, కల్లాల్లో పట్టాలు కప్పుకునేవాళ్ళు, అందరూ.

“అయితే మాస్టారూ, మనం మాత్రం వేరేగా అంటున్నామా? పక్కలో ఉన్న ఎముక, పక్కటెముక. సముద్రం పక్కనున్న ఊళ్ళు…”

“అవునే! మనకూ పక్కే!” మాస్టారు తన పక్క తనే తట్టుకున్నాడు.

“మరి ఇది?” అంది సిద్దికా, సగం నిండిన పరుపు మీద అరచెయ్యి వేసి. “మీ ఇంట్లో రోజూ పొద్దుగూకాక ఏమంటారు? పక్క వెయ్యమనే కదా?”

మాస్టారు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ, ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. దిండు అందుకునే లోపే పక్కలో పోటు పొడిచింది. అమ్మా అంటూనే నవ్వింది. పడినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. ఆ మాట తనను కొట్టడానికి ఎవరో విసిరిన రాయి కాదని, తన ఒంట్లోదీ తన వృత్తిలోదీ అని తెలిశాక, గుండెల మీంచి బోరెం దించినట్టయింది.

మిగిలింది పంతం. దూదిని సమంగా పరచడానికి కర్ర పైకెత్తి కొట్టే వీల్లేదు కాబట్టి, నేల మీద చతికిలబడి కర్రతో చిన్నగా, ఆగకుండా తట్టింది. చూస్తే ఎవరికైనా పసిబిడ్డను జోకొడుతోందనిపించేది. దబ్బనం దూర్చి, దారం లాగి, ముడి వేసి, ఇంకో కుట్టుకు జరిగింది. వంగలేక పరుపు చుట్టూ తనే పాకింది. స్తుతి ఆటో దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, “ఆ చివర నేను పట్టుకోనా?” అని మెల్లిగా అడిగింది. ఆ గొంతు అంత మెల్లిగా పలకగలదని సిద్దికాకు అప్పుడే తెలిసింది.

“వద్దే. ఎవరి చెయ్యీ పడదని మాటిచ్చా.”

శుక్రవారం పొద్దున్నే చివరి ముడి పడింది. నూర్‌బాషాల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కుట్టినవాళ్ళు పరుపు మీద పడుకుని చూడకూడదు. కొన్నవాళ్ళ నిద్ర ముందే వాడుకున్నట్టవుతుందని హయాత్ తండ్రి అనేవాడు. అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరి చూడాలంతే. సిద్దికా నిమిరింది. ఎక్కడా ఒక్క ఉండ తగల్లేదు. చుట్ట చుట్టి, తాడు కట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, పరుపును మాస్టారింటికి మోసుకెళ్ళాలని. ఏకడం, కుట్టడం అన్నీ ఆలోచించుకుంది కానీ ఇవ్వడం ఆలోచించుకోలేదు. కుట్టి ఇస్తానంది. మాస్టారి ఇల్లు రెండు సందుల అవతల. మాస్టారికి కబురు పెడితే రిక్షా బండివాణ్ణో ఇంకెవరినో పంపుతాడు. అది ఇంకొకరి చెయ్యే కదా. ఈడ్చుకుపోతే గుడ్డ మట్టి పాలు. బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

వంగి, పరుపు కింద చెయ్యి పెట్టి, మోకాలి దాకా లేపింది. పక్కలో భగ్గుమంది. దించింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ లేపింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పరుపును గోడకు ఆనించి, దాని మీద నుదురు పెట్టుకుని, ఇంత చేసీ ఇక్కడ ఓడిపోతానా అని కోపంతో ఏడ్చింది.

“వదినా.”

సలీం గుమ్మంలో ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి వచ్చి, తాడు విప్పకుండానే పరుపు అంచును కాస్త తెరిచి, వాళ్ళ నాన్న నిమిరినట్టే అరచేత్తో నిమిరాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

“తాళం ఇదుగో,” అంది సిద్దికా, ముఖం తుడుచుకుని, కొంగుముడి విప్పుతూ. “కుట్టా. ఇవ్వలేకపోయా. నా మాట మీద నేను నిలబడతా, తీసుకో.”

సలీం తాళం వైపు చూడలేదు. మెడలోని తువ్వాలు తీసి, చుట్టగా చేసి, నెత్తిన పెట్టుకున్నాడు.

“ఎవరి చెయ్యీ పడకూడదనే కదా నువ్వన్నావు? నేను చెయ్యి వెయ్యను. తల పెడతా.”

పరుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. సిద్దికా గోడకు ఆనించిన పరుపును మెల్లగా అతని తల మీదికి వాల్చింది. ఎత్తాల్సిన పని లేకపోయింది. ఎరువు బస్తాలు మోసిన మెడ కదా, సలీం ఒక్క ఊపులో లేచి నిలబడ్డాడు.

“పట్టుకోరా, పడుద్ది!”

“పడకుండా పట్టుకుంటే చెయ్యేసినట్టు కాదులే. నడువు.”

ముందు సలీం, వెనక సిద్దికా. సందు మలుపులో మోటారు సైకిలు ఒకటి ఎదురొచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కా, జేబులోంచి తొంగిచూస్తున్న కొలత టేపు. ఒంగోలు జయరావు.

“సలీం గారూ, మీ షెడ్డుకే వస్తున్నానండి. ఏంటిది, పొద్దున్నే పరుపు మోస్తున్నారు? ఎవరిదండీ?”

“కోస్తాది,” అన్నాడు సలీం.

జయరావు పరుపు చుట్టూ ఒకసారి చూశాడు. కుట్ల వరుస చూశాడు. వేలితో నొక్కి కూడా చూశాడు.

“కోస్తానా? బాగుందే. ఏ కంపెనీ అండీ? ఒంగోల్లో అన్ని బ్రాండ్లూ నా చేతుల మీదుగానే పోతాయి, ఈ పేరు ఎప్పుడూ వినలా.”

“మాదేనండి,” అన్నాడు సలీం పరుపు కిందనుంచి. “తాతల నాటిది. షెడ్డు ఖాళీ లేదండీ, ఏమీ అనుకోకండి.”

వెనక సిద్దికాకు నవ్వొచ్చింది. దిండు షెడ్డులోనే ఉండిపోయింది. రెండు చేతులతో పక్క పట్టుకుని, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపుకోకుండా, మాస్టారి ఇల్లు వచ్చేదాకా నవ్వుతూనే నడిచింది.